బయటి కంపెనీ ఆయిల్ ఫిల్టర్ వేశాక పొద్దున ఆయిల్ లైటు ఆలస్యంగా ఆరుతోంది

చల్లనిస్టార్ట్:
నాలుగు సిలిండర్ల మోటార్‌సైకిల్. స్పిన్-ఆన్ ఫిల్టర్ (డబ్బా మొత్తం మర మీద తిప్పి బిగించే రకం), ఇంజన్ ముందువైపు అడ్డంగా బిగుస్తుంది. కంపెనీ ఫిల్టర్ తీసి అదే కొలతల్లో బయటి కంపెనీది వేశాక, రాత్రంతా ఆపి పొద్దున స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు ఆరడానికి నాలుగు సెకన్లు పడుతోంది. ఇదివరకు సెకను లోపే ఆరేది. ఆయిల్ మారలేదు, చిక్కదనం 10డబ్ల్యూ-40, జాసో ఎంఏ2 (క్లచ్ కూడా ఇంజన్ ఆయిల్‌లోనే తడిసే బండ్ల రకం). లెవెల్ పైగీతకి కొంచెం కింద. పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మాత్రం మామూలుగానే ఆరుతోంది. ఎవర్ని అడిగినా "కంపెనీదే వేసుకో" అంటారు గానీ ఎందుకో చెప్పరు. అసలు బయటి ఫిల్టర్లలో చెడేది ఏది? కొనేముందు దేన్ని చూడాలి?

సింగిల్‌సిలిండర్:
కంపెనీదే వేసుకో అన్నా, గొడవ ఉండదు.

నాలుగుసిలిండర్లు:
ఆయన వద్దన్న జవాబే మళ్లీ ఇచ్చారు బ్రో.

లక్షణం చూస్తే యాంటీ డ్రెయిన్‌బ్యాక్ వాల్వ్. ఫిల్టర్ అడుగు పళ్లెంలో గుండ్రంగా చిన్న రంధ్రాలుంటాయి కదా, ఆయిల్ వాటిలోంచి లోపలికి వస్తుంది, కాగితం దాటి మధ్యలో మర ఉన్న పెద్ద రంధ్రంలోంచి బయటికి పోతుంది. ఆ చిన్న రంధ్రాల వెనకాల గొడుగులాంటి రబ్బరు పొర ఒకటి ఉంటుంది. పంపు తోసినప్పుడు లేస్తుంది, పంపు ఆగగానే రంధ్రాల మీద కూర్చుంటుంది. అది సరిగా కూర్చోకపోతే రాత్రంతా ఫిల్టర్‌లోని ఆయిల్ పంపులోంచి కిందికి జారిపోతుంది. పొద్దున పంపు ముందు ఖాళీ డబ్బాను నింపి, ఆ తర్వాతే బేరింగులకి పంపాలి. మీ నాలుగు సెకన్లు అక్కడ పోతున్నాయి. పది నిమిషాల్లో అంతా జారదు కాబట్టి వేడిమీద తేడా కనబడదు.

ఫిల్టర్ నోరు పైకి ఉండేలా కింద వేలాడే బండ్లలో ఈ వాల్వ్ పాడైనా ఎవరికీ తెలియదు, ఆయిల్ డబ్బాలోనే నిలుస్తుంది. అడ్డంగా గానీ తలకిందులుగా గానీ బిగిసే వాటిలోనే బయటపడుతుంది.

చల్లనిస్టార్ట్:
కొత్త ఫిల్టర్‌కే రబ్బరు చెడుతుందా? వేసి మూడు వారాలే అయింది.

నాలుగుసిలిండర్లు:
కొత్తదే ముందునుంచీ సరిగా లేకపోవచ్చు. ఆ పొర నైట్రైల్ రబ్బరుదైతే వేడికి క్రమంగా గట్టిపడుతుంది, చలిలో ఇంకా బిగుసుకుంటుంది. సిలికాన్‌దైతే ఏళ్ల తరబడి మెత్తగా ఉంటుంది. సిలికాన్ చాలాసార్లు నారింజ రంగులో వస్తుంది, కానీ రంగు చూసి తీర్మానించకండి. పెన్సిల్ వెనకవైపుతో రంధ్రంలోంచి మెల్లగా నొక్కండి. మెత్తగా లేచి, వదలగానే చప్పున వచ్చి కూర్చోవాలి. మెల్లగా వచ్చినా, ఒక పక్క ఎత్తుగా నిలిచినా ఆ ఫిల్టర్ వద్దు.

రబ్బరురింగు:
ఇంకో పరీక్ష ఉంది, బండికి బిగించకుండానే చేయొచ్చు. కొత్త ఫిల్టర్ నోరు పైకి పెట్టి చిన్న రంధ్రాల్లోంచి శుభ్రమైన ఆయిల్ మెల్లగా పోయండి, సుమారు 100 మి.లీ. అది కాగితంలోకి ఇంకేదాకా ఆగి, ఫిల్టర్‌ను మీ బండిలో బిగిసే కోణంలో ఒక పళ్లెం మీద పడుకోబెట్టండి. మధ్య రంధ్రంలోంచి కొంచెం కారితే ఫర్వాలేదు. పక్క రంధ్రాల్లోంచి బొట్టు బొట్టుగా వస్తుంటే వాల్వ్ పట్టడం లేదని అర్థం. ఆ పోసిన ఆయిల్ ఎలాగూ వృథా కాదు, తడిసిన కాగితంతో బిగిస్తే మొదటి స్టార్ట్‌లో ఒత్తిడి తొందరగా వస్తుంది.

పాతబండి_98:
ఇంత హంగామా దేనికి? హోండా కబ్ తరహా చిన్న ఇంజన్లలో కాగితం ఫిల్టరే లేదు. క్రాంక్ చివర తిరిగే గిన్నె, కింద ఒక ఇనుప జల్లెడ, అంతే. అవి లక్ష కిలోమీటర్లు తిరగడం లేదా?

నాలుగుసిలిండర్లు:
తిరుగుతాయి, ఎందుకంటే వాటి క్రాంక్ బాల్ బేరింగుల మీద, కనెక్టింగ్ రాడ్డు నీడిల్ రోలర్ల మీద తిరుగుతాయి. రోలర్‌కి పల్చగా ఆయిల్ చిమ్మినా చాలు, ఒత్తిడి పెద్దగా అక్కర్లేదు. నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఎక్కువ భాగం ప్లెయిన్ బేరింగులు, అంటే బాళ్లూ రోలర్లూ లేని నున్నటి లోహపు చిప్పలు. అక్కడ లోహానికి లోహానికి మధ్య ఉండేది కొన్ని మైక్రాన్ల (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతుల) ఆయిల్ పొర ఒక్కటే, షాఫ్ట్ తిరుగుతుంటేనే అది నిలుస్తుంది, దానికి ఆగకుండా ఆయిల్ అందించేది పంపు ఒత్తిడి. మీ ఇంజన్‌కి సరిపోయిన లెక్క దీనికి సరిపోదు.

పాతబండి_98:
ఆ తేడా ఒప్పుకుంటా. అయితే మా తరహా బండ్లలో ఆ గిన్నె తీసి శుభ్రం చేయని వాళ్లే ఎక్కువ. అందులో బూడిదరంగు ముద్ద గోడకి అంటుకుని గట్టిపడుతుంది, చెక్కపుల్లతో గీరి కిరసనాయిలుతో కడగాలి. స్క్రూడ్రైవర్‌తో గీరితే గిన్నె గోడ గీతలు పడుతుంది.

మైక్రాన్20:
ఇక ఎప్పుడూ జరిగే మైక్రాన్ల వాదన ఇక్కడికీ రాకముందే చెబుతా. అట్టపెట్టె మీద "20 మైక్రాన్లు" అని ఒక్క అంకె వేసి ఊరుకుంటే దానికి అర్థం లేదు. 20 మైక్రాన్ల రేణువుల్లో సగం ఆపేదాన్నీ అలాగే రాయొచ్చు, వందలో 99 ఆపేదాన్నీ అలాగే రాయొచ్చు. చూడాల్సింది బీటా నిష్పత్తి. ఒక సైజు రేణువులు ఫిల్టర్‌కి ముందు ఎన్ని, దాటాక ఎన్ని, ఆ భాగహారమే బీటా. బీటా 2 అయితే 50 శాతం ఆపినట్టు. బీటా 20 అయితే 95. బీటా 75 అయితే 98.7. ఇంజన్ ఆయిల్ ఫిల్టర్లకి ఈ పరీక్షని ఐఎస్ఓ 4548 ప్రమాణం 12వ భాగంలో చెప్పారు, ఆయిల్‌లో కొలిచిన పరీక్ష దుమ్ము కలుపుతూ ఫిల్టర్ గుండా పదేపదే తిప్పుతారు. కంపెనీ ఈ ప్రమాణం పేరు చెప్పి, సైజూ శాతమూ రెండూ ఇస్తే ఆ అంకెని నమ్మొచ్చు.

ఇంకో సంగతి. సన్నగా వడకట్టేదే గొప్ప అనుకోకండి. రంధ్రాలు సన్నబడేకొద్దీ ఆయిల్ దూరడం కష్టం. ఆ కష్టాన్ని తగ్గించాలంటే కాగితం విస్తీర్ణం పెంచాలి, అంటే మడతలు ఎక్కువుండాలి, లోతుగా ఉండాలి. బండి ఫిల్టర్ డబ్బా చిన్నది. అందులో సన్నటి కాగితం తక్కువ మడతలతో కూర్చితే చల్లటి ఆయిల్‌కి బైపాస్ వాల్వ్ (కాగితాన్ని తప్పించే పక్కదారి) తెరుచుకుని వడకట్టని ఆయిలే ఇంజన్‌కి పోతుంది. సెల్యులోజ్‌లో గాజు పీచు కలిపిన మిశ్రమ కాగితం ఈ విషయంలో మెరుగు, అదే విస్తీర్ణంలో తక్కువ అడ్డుపడుతుంది, ఎక్కువ మురికి పడుతుంది.

సింగిల్‌సిలిండర్:
బైపాస్ వాల్వ్ తెరుచుకుంటే ఫిల్టర్ ఉన్నా లేనట్టేగా? అది లేని ఫిల్టర్ కొంటే సరి.

గ్రీజుచేతులు:
ఆ పని మాత్రం చేయకండి. కాగితం మూసుకుపోయిన రోజు బైపాస్ లేకపోతే ఇంజన్‌కి ఆయిలే అందదు, లేదా కాగితం చిరిగి ముక్కలు ఇంజన్ ఆయిల్ దారుల్లోకి పోతాయి. మురికి ఆయిల్ ఇంజన్‌ని నెమ్మదిగా అరగదీస్తుంది, ఆయిల్ అందకపోతే నిమిషాల్లో పట్టేస్తుంది.

చాలామంది కలిపేసే రెండు వాల్వులున్నాయి, విడదీసి చెబుతా. ఫిల్టర్ బైపాస్ చూసేది కాగితానికి ఇటూ అటూ ఒత్తిడిలో తేడాని. ఆ తేడా సుమారు ఒక బార్ దాకా వచ్చాక తెరుచుకుంటుంది, బండిని బట్టి అటూఇటూ. ఇంజన్‌లో పంపు దగ్గరుండే ప్రెజర్ రిలీఫ్ వాల్వ్ వేరు, అది మొత్తం ఒత్తిడి హద్దు దాటితే ఆయిల్‌ని అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోకి వదిలేస్తుంది. ఫిల్టర్ డబ్బా ఉబ్బినా, గాస్కెట్ (ఫిల్టర్ అంచున ఉండే రబ్బరు రింగు) బయటికి తన్నుకొచ్చినా ఫిల్టర్‌ని తిట్టేముందు ఆ రిలీఫ్ వాల్వ్ ఇరుక్కుందేమో చూడండి. ఫిల్టర్ మార్చినా మళ్లీ ఉబ్బితే తప్పు ఇంజన్‌దే.

కారు ఫిల్టర్ మర సరిపోయిందని బండికి బిగించేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. కొన్ని కార్లలో బైపాస్ ఇంజన్ బ్లాక్‌లోనే ఉంటుంది, అందుకని ఆ ఫిల్టర్‌లో అసలు పెట్టరు. పైకి చూస్తే తేడా తెలియదు.

టార్క్‌రెంచి:
మర మాట వచ్చింది కాబట్టి. జపాన్ బండ్ల స్పిన్-ఆన్‌లలో ఎక్కువగా ఎం20×1.5, అంటే 20 మి.మీ. వ్యాసం, మరకీ మరకీ మధ్య 1.5 మి.మీ. హార్లీల్లో ముప్పావు అంగుళం, అంగుళానికి 16 మరలు. రెండూ చూపుకి ఒకటే. ముప్పావు అంగుళం అంటే 19.05 మి.మీ. ఎం20 ఫిల్టర్ లోపలి మర శిఖరాల దగ్గర వ్యాసం సుమారు 18.4. అంటే ముప్పావు అంగుళం స్టడ్‌కి (ఇంజన్ మీద ఫిల్టర్ ఎక్కే మర కడ్డీకి) ఎం20 ఫిల్టర్ ఎక్కిస్తే ఒక్కో పక్క మూడో వంతు మిల్లీమీటర్ మాత్రమే పట్టు దొరుకుతుంది. సరైన మరకి దొరికేది ఒక్కో పక్క 0.8. చేతికి హాయిగా తిరిగి, గాస్కెట్ తగిలి, బిగిసినట్టే అనిపిస్తుంది. ఒత్తిడి వచ్చాక మర కోసుకుని ఊడుతుంది. అదే ఎం20 స్టడ్‌కి ముప్పావు అంగుళం ఫిల్టర్ ఎక్కిస్తే మొదట్లోనే ఇరుక్కుంటుంది, అప్పుడైనా తెలుస్తుంది. కొత్త ఫిల్టర్ పూర్తిగా ఎక్కించి, గాస్కెట్ తగిలేముందు అటూఇటూ ఊపి చూడండి. గలగల ఊగితే తీసేయండి.

సింగిల్‌సిలిండర్:
ఎంత బిగించాలి మరి? చేత్తో గట్టిగా తిప్పితే చాలదా?

టార్క్‌రెంచి:
చేతి బలం అందరిదీ ఒకటి కాదు కదా. గాస్కెట్ తగిలాక ఎన్ని చుట్లన్నది లెక్క. సాధారణంగా ముప్పావు చుట్టు. 1.5 మి.మీ. మర మీద ముప్పావు చుట్టంటే గాస్కెట్ 1.1 మి.మీ. నలుగుతుంది, అది సరిపోతుంది. సుజుకీ మాన్యువల్స్‌లో రెండు చుట్లు అని ఉంటుంది, వాళ్ల గాస్కెట్‌కి అది లెక్క. టార్క్ చూస్తే హోండాలో చాలా వాటికి 26 న్యూటన్ మీటర్లు, యమహాలో 17. మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే ఖాయం. బయటి కంపెనీ ఫిల్టర్ మీద వేరే చుట్లు అచ్చువేసి ఉంటే దాన్ని పాటించండి, గాస్కెట్ మందం వాళ్లది.

గాస్కెట్‌కి ఆయిల్ రాయడం మర్చిపోవద్దు. పొడిగా బిగిస్తే రబ్బరు పళ్లేనికి పట్టుకుని మెలి తిరుగుతుంది, వచ్చేసారి ఊడేటప్పుడు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోతుంది.

క్లచ్‌ప్లేటు:
ఆ అంటుకుపోయిన పాత గాస్కెట్ మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే ఏమవుతుందో అందరికీ తెలియాలి. స్టార్ట్ చేసిన కాసేపు బాగానే ఉంటుంది. గేరు వేసి రేజ్ చేయగానే పై రబ్బరు జారి లీటర్ల లెక్కన ఆయిల్ వెనక టైరు ముందు పడుతుంది. పాత ఫిల్టర్ విప్పగానే దాని గాడిలో గాస్కెట్ ఉందో లేదో చూడటం రెండు సెకన్ల పని.

సింగిల్‌సిలిండర్:
వెనక 17 నట్టు వెల్డింగ్ చేసిన ఫిల్టర్లు ఎలా ఉంటాయి? విప్పడం తేలికని చాలామంది వాడుతున్నారు.

క్లచ్‌ప్లేటు:
విప్పడానికి బాగుంటాయి. రేసుల్లో ఆ నట్టు రంధ్రంలోంచి తీగ బిగిస్తారు, ఫిల్టర్ తిరిగి ఊడకుండా. చిక్కు ఎక్కడంటే జనం ఆ నట్టు పట్టుకునే బిగిస్తారు. పల్చటి రేకు మీద వెల్డింగ్ చుక్కలు, వాటి చుట్టూ రేకు వేడికి అప్పటికే బలహీనపడి ఉంటుంది. దానిమీద స్పానర్ పొడుగు బలం పడితే వెంట్రుకవాసి పగులు వస్తుంది. అక్కడినుంచి ఆయిల్ సన్నగా పొగమంచులా చిమ్ముతుంది, ఆగి చూస్తే కనిపించదు, నడిపినప్పుడే వస్తుంది. నట్టు ఉన్న ఫిల్టర్ కొంటే విప్పడానికే వాడండి. నట్టు చుట్టూ రంగు కింద వృత్తంలో చెమ్మ పడితే అది పగులే.

రబ్బరురింగు:
అందరూ స్పిన్-ఆన్ గురించే మాట్లాడుతున్నారు. మూత కింద ఉట్టి కాగితం ఎలిమెంట్ వేసే బండ్లకి తప్పు జరిగే చోట్లు ఇంకా ఎక్కువ. రాయల్ ఎన్‌ఫీల్డ్‌లో 650కి స్పిన్-ఆన్ అయినా 350లకి ఎలిమెంటే, కేటీఎమ్ 390 డ్యూక్‌కీ ఎలిమెంటే, దాంతోపాటు అందులో జల్లెడ కూడా తీసి కడగాలి.

బయటి ఎలిమెంట్ కొంటే పాతదాని పక్కన నిలబెట్టి వెర్నియర్‌తో ఎత్తు కొలవండి. ఒక మిల్లీమీటర్ పొట్టిగా ఉంటే స్ప్రింగ్ దాన్ని సీటు మీదకి సరిగా నొక్కదు. ఆయిల్‌కి కాగితంలోంచి దూరడం కంటే ఆ సందులోంచి పోవడం సులువు. కాగితం ఎంత గొప్పదైనా ఉపయోగం లేదు. తర్వాత మధ్య రంధ్రం దగ్గరి రబ్బరు గ్రోమెట్. గొట్టం మీదకి కొంచెం బిగువుగా దిగాలి, వదులుగా జారిపోతే అదీ అలాంటి సందే. రెండు చివర్లనీ చేతుల్తో పట్టుకుని మెల్లగా మెలితిప్పండి, జిగురు పట్టని చోట మడత లేచి కనబడుతుంది. లోపల చిల్లుల గొట్టం లేకుండా ఉట్టి కాగితమే ఉంటే, అసలుదానిలో గొట్టం ఉండి ఉంటే, తిరిగి ఇచ్చేయండి. చల్లటి ఆయిల్ తోపుకి అది లోపలికి కుంగిపోతుంది.

హోండాల్లో ఎలిమెంట్ మీద బయటివైపు ఏదో ఇంగ్లీషులో అచ్చువేసి ఉంటుంది, ఆ పక్కే మూతవైపు రావాలి. బయటి కంపెనీ వాటిలో ఆ అచ్చు లేకపోతే గ్రోమెట్ రంధ్రం ఏ పక్కనుందో పాతదాన్ని తీసేటప్పుడే ఫొటో తీసుకోండి. తిరగేసి వేస్తే దారి మూసుకుపోయి ఇంజన్ పైభాగానికి ఆయిల్ అందకపోవచ్చు.

పాతబండి_98:
మూత ఓ-రింగ్ ప్రతిసారీ మార్చాలా?

రబ్బరురింగు:
మార్చాలి. పాతది తీసి చూస్తే గుండ్రంగా ఉండాల్సిన అంచు చదునుగా నలిగి ఉంటుంది, అదే కారణం. ఎలిమెంట్‌తో వచ్చే ఓ-రింగ్ మందం పాతదానికంటే సన్నగా ఉంటే వాడకండి, వ్యాసం సరిపోయినా సరే. గాడిలో కూర్చోబెట్టాక గాడి అంచు కంటే కొంచెం పైకి ఉబ్బి కనబడాలి. మూత బోల్టులు చిన్నవి, అల్యూమినియం మర, ఎదురెదురుగా ఉన్నవాటిని మార్చి మార్చి బిగించండి.

సింగిల్‌సిలిండర్:
స్టీలు జల్లెడ ఫిల్టర్ వేస్తే జీవితాంతం కొనక్కర్లేదు అంటున్నారు, నిజమేనా?

మైక్రాన్20:
కొనక్కర్లేదు, కానీ కడగాలి, చూడాలి. మంచి స్టీలు జల్లెడ సుమారు 35 మైక్రాన్ల దగ్గర కచ్చితంగా ఆపుతుంది, అంతకంటే చిన్నవి దాటిపోతాయి. కాగితం పొరలో చిన్న రేణువులు కూడా కొన్ని ఇరుక్కుంటాయి, జల్లెడలో లోతు లేదు. తడి క్లచ్ బండ్లలో గేర్ల పొడి, క్లచ్ ప్లేట్ల పీచు అన్నీ ఇదే ఆయిల్‌లో కలుస్తాయి. ఆ పీచు జల్లెడ కళ్లకి అతుక్కుంటే ఉట్టి కిరసనాయిలుకి వదలదు, మెత్తటి బ్రష్‌తో లోపలినుంచి బయటికి రుద్దాలి. గట్టి గాలి కొడితే జల్లెడ సాగుతుంది. ఆరాక దీపానికి ఎదురుగా పట్టి ఒక్క కన్ను చిరిగినా పారేయాలి. ఆయిల్ తొందర తొందరగా మార్చే రేసు బండికి సరే, మూడు నాలుగు వేల కిలోమీటర్లు ఒకే ఆయిల్ నడిపే బండికి కాగితమే మేలు.

చల్లనిస్టార్ట్:
ఫిల్టర్ విప్పి కోశాను. రాత్రంతా ఆగాక విప్పితే డబ్బాలోంచి రెండు చెంచాల ఆయిల్ కూడా రాలేదు, నాలుగుసిలిండర్లు గారు చెప్పినట్టే ఖాళీ. రంపంతో కోస్తే పొడి లోపల పడి ఏది ఇంజన్‌దో తెలియదు కాబట్టి పైపు కట్టర్‌లాంటి ఫిల్టర్ కట్టర్‌తో అంచు కోశా.

కాగితం బాగుంది. మడతలు సమానంగా, జిగురు చివరిదాకా నిండుగా ఉంది. బైపాస్ స్ప్రింగ్ కూడా గట్టిగానే ఉంది. తప్పు రబ్బరు పొరలో. నల్లటిది, వేలితో వంచితే చప్పున తిరిగి రావడం లేదు. పైగా అంచు మీద ఒకచోట అచ్చులోంచి వచ్చిన రబ్బరు గీత కత్తిరించకుండా మిగిలింది, గోరుకి తగులుతోంది. పళ్లెం మీద పెట్టి వెనక దీపం పెడితే ఆ గీత పక్కన కత్తి అంచంత వెలుతురు కనబడింది.

మైక్రాన్20:
మడతల్ని విడదీసి ముక్క కోసి రెండు చెక్కల మధ్య పిండి, వచ్చినదాన్ని తెల్లకాగితం మీద చూశారా? అయస్కాంతం కింద తిప్పితే ఇనుము కదులుతుంది, అల్యూమినియం కదలదు.

చల్లనిస్టార్ట్:
చూశాను. సన్నటి బూడిదరంగు పొడి, కొన్ని నల్లటి పీచులు. రేకుల్లాంటివి లేవు. రాగిరంగు మెరుపు కూడా లేదు.

నాలుగుసిలిండర్లు:
రేకులూ రాగిరంగూ లేవంటే బేరింగులు పెద్దగా దెబ్బతినలేదనే అనుకోవచ్చు. నల్ల పీచు క్లచ్‌ది, మామూలే.

ఒక జాగ్రత్త. లైటు ఆరిందంటే ఒత్తిడి పూర్తిగా వచ్చిందని కాదు, ఆ స్విచ్ చాలా బండ్లలో అర బార్ లోపే ఆరిపోతుంది. కొత్త ఫిల్టర్ వేసిన మొదటి స్టార్ట్‌లో లైటు ఆరాక కూడా అర నిమిషం ఐడిల్‌లోనే వదలండి, రేజ్ చేయొద్దు. ఆపి రెండు నిమిషాలయ్యాక లెవెల్ చూడండి, డబ్బా నిండాక కిందికి దిగుతుంది.

సింగిల్‌సిలిండర్:
అయితే నేనన్నదే కదా, కంపెనీది వేసుంటే ఇదంతా ఉండేది కాదు.

గ్రీజుచేతులు:
కంపెనీ ఫిల్టర్‌ని కూడా బండి కంపెనీ స్వయంగా చేయదు బ్రో. మాలే, రోకీ (పాత పేరు టోయో రోకీ) లాంటి ఫిల్టర్ల కంపెనీలే చేసి బండి కంపెనీ పేరు అచ్చువేసి ఇస్తాయి. అదే తయారీదారు తన సొంత పేరుతో అమ్మేది బయటి ఫిల్టరే అయినా చాలాసార్లు నాణ్యత అదే. బయటిది వేరు, నకిలీ వేరు. నకిలీల్లో కంపెనీ పేరే ఉంటుంది, లోపల మాత్రం కొన్నిసార్లు బైపాస్ స్ప్రింగ్ బదులు ఉట్టి రేకు. డబ్బా మీద అచ్చు గోటితో గీకితే లేచిపోయినా, బ్యాచ్ నంబరు అట్టపెట్టె మీద ఒకటి డబ్బా మీద ఒకటి ఉన్నా, పాతదానికంటే చేతిలో తేలికగా ఉన్నా తీసుకోవద్దు. పేరు చూసి ఈ సోదాలు మానేస్తేనే దెబ్బ.

చల్లనిస్టార్ట్:
ఇంకో బయటి కంపెనీది తెచ్చాను, సిలికాన్ పొర ఉన్నది. రబ్బరురింగు గారి పరీక్ష చేశా. 100 మి.లీ. పోసి, పావుగంట ఆగి అడ్డంగా పడుకోబెడితే మధ్య రంధ్రంలోంచి తప్ప ఎక్కడా చుక్క రాలేదు. గాస్కెట్‌కి ఆయిల్ రాసి, తగిలాక ముప్పావు చుట్టు. డబ్బా మీద మార్కర్‌తో తేదీ, కిలోమీటర్లు, గాస్కెట్ తగిలిన చోట నిలువు గీత పెట్టా. రెండు రాత్రులు ఆపి చూశాను. రెండు పొద్దున్లూ లైటు సెకను లోపే ఆరింది.

టార్క్‌రెంచి:
ఆ గీత మంచి పని. యాభై కిలోమీటర్లు తిరిగాక గీత కదిలిందేమో ఒకసారి చూడండి, చుట్టూ తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకి ఆయిల్ అంటకపోతే మళ్లీ బిగించొద్దు.